ఆగడం నేర్చుకున్న పిల్ల

జక్రయ్య సారు ఆ సైకిల్ని మా గుమ్మం ముందు దించగానే దాన్ని పైనుంచి కిందిదాకా వెతికాను. బ్రేకులు కనపడలేదు.

"బ్రేకులు మర్చిపోయి తెచ్చారా సార్?" అన్నాను.

ఆయన మా ఊరి హైస్కూల్లో ఆటలు నేర్పుతాడు. నవ్వి, "మర్చిపోలేదమ్మా ప్రేమమ్మా. పోటీల సైకిలుకి బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతానే ఉంటది. కాళ్ళు ఊరికే పెట్టుక్కూర్చోడం కుదరదు. ఆపాలన్నా కాళ్ళతోనే ఆపాలి" అన్నాడు.

మా మహిమ తొమ్మిదో తరగతి. ఇరవై రోజుల్లో గుంటూరులో సెలక్షన్లు. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఆ రోజు నుంచి దాని నోట ఇంకో మాట లేదు. నాకు మాత్రం మా వీధే కనపడేది. మా పేట ఎత్తు మీద ఉంటుంది. మా గుమ్మంలోంచి సిమెంటు రోడ్డు నిటారుగా దిగి చీమకుర్తి రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం గ్రానైటు లారీలే. ఒక్కో రాయి మా వంటగది అంత ఉంటుంది.

నా భయం ఇవాళ్టిది కాదు. మా ఆయన క్వారీ నుంచి అరగంట ఆలస్యంగా వస్తే, శవప్పెట్టె ఎవరి చేత చేయించాలా అని ఆలోచించేదాన్ని.

మొదటి రోజు బడి గ్రౌండులో మహిమ రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో వేగం అందుకోగానే, మామూలు సైకిలు మీద అలవాటు కొద్దీ కాళ్ళు ఆపింది. పెడలు ఆగలేదు. దాని కాలిని ఎత్తి, మనిషిని ఎగరేసి అవతల పడేసింది. గోడ దగ్గర్నుంచి పరిగెత్తాను.

"ఎవరూ దగ్గరికి రావద్దు!" అని అరిచాడు సారు. "లే. కాళ్ళెందుకాపావు?"

"అలవాటు సార్."

"ఆ అలవాటే చంపుద్ది. ఎక్కు."

ఆ రోజు నాలుగుసార్లు పడింది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టి లెక్కపెట్టారు.

తర్వాత వారం మొత్తం ఆపడమే నేర్పాడు. నేల మీద సున్నంతో గీత గీసి, దాని మీద ముందు చక్రం ఆగాలనేవాడు. "పెడలు పైకొచ్చేటప్పుడు కాలితో అణుచు. ఒక్కసారి బిగపట్టొద్దు. కొంచెం కొంచెంగా వెనక్కి ఒత్తు. భయమేసినా ఒత్తడం మానొద్దు. దూకొద్దు. నీ కాళ్ళని నమ్ము." మొదట్లో గీత దాటి ఎక్కడికో పోయేది. రెండో వారానికి గీత మీద ఆగింది. మిరప కోతల నుంచి అటే వెళ్ళి, మండే చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి ఉన్నాను. ఆగగానే అది నా వైపు తిరిగింది. నేను దాని మోకాళ్ళ మీది పుండ్లు చూస్తున్నాను.

చేలో సుబ్బరావమ్మ గారు మా కూలీలందరి ముందూ అడిగింది. చేను ఆవిడదే.

"ఏవే ప్రేమమ్మా, నీ కూతురు బ్రేకుల్లేని సైకిలెక్కిందంటగా? సైకిలుకి లేకపోతే లేకపోయె, పిల్లకన్నా ఉన్నాయా బ్రేకులు?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ నవ్వంతా మహిమ మీద దించాను.

"బ్రేకు పెట్టిద్దామే."

"పోటీలో ఒప్పుకోరమ్మా."

"రోడ్డు దాకా నడిపించుకుపో అయితే."

"ఎందుకు? ఆపుతున్నాగా, నువ్వు చూళ్ళా?"

"రోజూ ఆపుతావే. ఒక్క రోజు ఆపకపోతే? నీ మొహానికి సెలక్షనొకటి!"

అది ఏడవలేదు. కంచం పక్కకి పెట్టి లేచిపోయింది.

సెలక్షన్లు బుధవారం. ముందటి శనివారం అది బడిలో ఉండగా సైకిల్ని గౌస్ బాషా కొట్టుకి తీసుకెళ్ళాను. ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేది అతనొక్కడే.

"మామూలు సైకిల్లా చెయ్యన్నా. పిల్ల కాళ్ళు ఆపినా పడేయకూడదు."

వెనక చక్రానికున్న చిన్న పళ్ళచక్రం ఊడదీసి, మామూలు ఫ్రీవీల్ బిగించాడు. పెడలు వెనక్కి తిప్పితే టిక్కుటిక్కుమంటూ వట్టినే తిరిగింది.

"ఇక పడేయదు చెల్లెమ్మా. కానీ ఇప్పుడు కాళ్ళతో ఆగదు. బ్రేకు లేకపోతే అసలాగదు. దీనికి సరిపడే బ్రేకు ఒంగోలు నుంచి రేపు సాయంత్రానికొస్తది. అప్పటిదాకా ఎవర్నీ ఎక్కనీయమాక. పిల్లకి చెప్పు."

"చెప్తాలే."

చెప్పలేదు. చెబితే పోట్లాడుతుంది, సారు దగ్గరికి పోతుంది, సారు పాతది బిగిస్తాడు. మర్నాడు ఆదివారం, ప్రాక్టీసు ఉండదు, గుడికి నాతో నడిచే వస్తుంది. బ్రేకు కూడా పడ్డాక చెబుదామనుకున్నాను. సైకిలొచ్చాక మొదటిసారి నాకు కంటినిండా నిద్ర పట్టింది.

పొద్దున రోట్లో పచ్చడి నూరుతుంటే వీధిలోంచి గొంతు వినపడింది.

"అమ్మా! సారు గ్రౌండుకి రమ్మన్నారంట. గుడి టయానికొస్తా!"

పొత్రం వదిలేసి బయటికొచ్చాను. అప్పటికే ఎక్కేసింది, వాలు మీద ఉంది.

"ఆగవే! ఆగు!" అని అరిచాను.

అది వెనక్కి తిరిగి నవ్వింది. "ఆపుతాలే, చూస్తా ఉండు!"

రోజూ ఆపడం మొదలుపెట్టే కరెంటు స్తంభం దగ్గరే మొదలుపెట్టింది. కాళ్ళు వట్టినే వెనక్కి తిరిగాయి. టిక్కుటిక్కు మా గుమ్మం దాకా వినపడింది. మళ్ళీ ఒత్తింది. మళ్ళీ. సారు చెప్పినట్టే కొంచెం కొంచెంగా ఒత్తింది. దూకితే మోచేతులు గీరుకుని బతికేది. దూకలేదు. తన కాళ్ళని నమ్మి, రోడ్డెక్కేదాకా ఒత్తుతూనే ఉంది.

పోతున్న లారీ పక్కభాగానికి గుద్దుకుని పిల్ల కింద పడింది. లారీ వెనక టైరు కుడిపాదం మీదుగా పోయింది.

ఒంగోలు ఆసుపత్రిలో పాదం తీసేశారు. మధ్యాహ్నం, బట్టలు తెస్తానని మా ఆయనతో చెప్పి ఊరికొచ్చాను. సైకిల్ని ఎవరో మా అరుగు మీద పెట్టారు. ముందు చక్రం వంకర పోయింది, వెనకది బాగానే ఉంది. దాన్ని బాషా కొట్టుకి ఈడ్చుకెళ్ళాను.

"పిల్లకి చెప్పావా?" అన్నాడు.

"పాతది బిగించెయ్."

పానా అందుకుని వెనక చక్రం ఊడదీశాడు. "నా పేరు బయటికి రాకూడదు చెల్లెమ్మా."

"నాదీ రాకూడదు," అన్నాను.

సోమవారం జక్రయ్య సారు సైకిల్ని చూసుకుని వార్డుకొచ్చాడు. మంచం చివర, పాదం ఉండాల్సిన చోట నిలబడ్డాడు.

"సైకిల్లో ఏ లోపమూ లేదు. భయపడి కాళ్ళెత్తేశావు. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎత్తలేదు సార్. వెనక్కే ఒత్తాను. పట్టలేదు. టిక్కుటిక్కుమని చప్పుడొచ్చింది."

"అంత లారీ చప్పుడు వినపళ్ళేదు గానీ టిక్కుటిక్కు వినపడిందా నీకు?"

పక్క మంచం వాళ్ళు నవ్వారు. సారు నవ్వలేదు. వెళ్ళేటప్పుడు, సెలక్షన్లకి దాని బదులు బళ్ళో ఇంకో పిల్ల శ్రీరమ్యని తీసుకెళ్తున్నానని నాతో చెప్పాడు. మహిమకి వినపడేట్టే చెప్పాడు.

నెల తర్వాత ఇంటికి తెచ్చాం. ఇప్పుడు నేను నిశ్చింతగా కోతకి పోతున్నాను. సాయంత్రం వచ్చేసరికి పిల్ల ఉన్నచోటే ఉంటుంది.

నిన్న వచ్చేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఎడమకాలు గాల్లోకి ఎత్తి, కనపడని పెడలు తొక్కుతోంది. పైకొచ్చేటప్పుడు అణుస్తోంది, కొంచెం కొంచెంగా. నన్ను చూసి ఆపింది.

"అమ్మా, ఆ రోజు గుమ్మంలో ఉన్నావుగా. ఎవరూ చూళ్ళేదు, నువ్వే చూశావు. నిజం చెప్పు. నేను ఒత్తానా, ఎత్తేశానా?"

కొంగు ముడిలో మిరపకాయలు తెచ్చాను. అవి చేటలో పోశాను.

"ఎత్తేశావు," అన్నాను.

"రెండు కాళ్ళా?"

"రెండూ."

దాని కాలు గాల్లో కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా మంచం మీదికి దిగింది.