రెండోసారి

ఆమె మాటలు పోయిన రోజున కూడా అతను అన్ని పనులూ ఎప్పటిలాగే చేశాడు. పొద్దున్నే కాలేజీ స్టోరు గది తెరిచాడు. చదరపు బ్యాటరీని నాలుక చివరకు ఆనించి, చురుక్కుమన్నాక సంచిలో వేశాడు. వైర్లను మోచేతికి చుట్టకుండా అరచేతిలోనే ఒక మెలిక లోపలికి, ఒక మెలిక బయటికి వేసి చుట్టాడు. రికార్డరు, హెడ్‌ఫోన్లు, కాలరుకు తగిలించే చిన్న మైకు, తుడుచుకునే గుడ్డ. ఇరవయ్యారేళ్ళుగా అదే నల్ల సంచి, అదే వరస. పట్టీ బరువుకు అతని ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయింది. దర్జీ కొలతలు తీసుకున్నప్పుడు తప్ప ఆ సంగతి అతనికి గుర్తు రాదు.

సినిమా విద్యార్థులు అతన్ని మామయ్య అంటారు. మూడేళ్ళకోసారి వాళ్ళు మారిపోతారు, పిలుపు మాత్రం మిగులుతుంది. వాళ్ళు తీసిన సినిమాల చివర ఎక్కడో ‘సౌండ్: మామయ్య’ అని పడుతుంది. చాలావాటిలో అదీ పడదు.

ఆ రోజు షూటింగు ఒక పెద్దావిడ ఇంట్లో. ముప్పై ఏళ్ళు బస్‌స్టాండు మేడ మీద అద్దాల గదిలో కూర్చుని, మైకులో బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. రెండేళ్ళ కిందట ఆమె కుర్చీలోకి యంత్రం వచ్చింది. అన్నేళ్ళలో ఆమె గొంతును ఎవరూ రికార్డు చేయలేదు. రోజూ వినబడే గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఈ డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయికి తోచింది.

ఇంట్లోకి వెళ్ళగానే అతను ఫ్యాను ఆపించాడు. చప్పుడు చేస్తున్న ఫ్రిజ్‌ను ఆపి, తన ఇంటి తాళాలు అందులో పెట్టాడు.

“తాళాలు చల్లబడాలా నాయనా?” అంది పెద్దావిడ.

“వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోతానని అమ్మా. తాళాల కోసం తెరిస్తే గుర్తొస్తుంది.”

“కెమెరా మైకు కూడా ఆపెయ్యమ్మా,” అన్నాడు అమ్మాయితో. అందులో పడే పీలగొంతు ఉంటే పిల్లలు దానితోనే సరిపెట్టుకుంటారని అతని పట్టుదల.

“ఉండనివ్వండి మామయ్యా, దాని దారిన అది ఉంటుంది.”

“అది ఉంటే ఇక నేనెందుకు?”

అమ్మాయి నవ్వి ఆపేసింది.

అతను వంగి, పెద్దావిడ బూడిదరంగు స్వెటరు అంచుకు చిన్న మైకు తగిలిస్తున్నాడు. ఆమె అతని ముఖంలోకి కాదు, భుజం మీది సంచి వైపు చూసింది.

“ఆగు. నువ్వు ఏడు నలభై కదూ?”

అతనికి అర్థం కాలేదు.

“ఏడు నలభై బస్సు, మూడో ప్లాట్‌ఫారం. నల్ల సంచి వేసుకుని, ఒక పక్కకి ఒరిగిపోయి పరిగెత్తుకుంటూ వచ్చేవాడివి. ఏ బస్సయినా రెండుసార్లు చెప్పాలి మేము. రెండోసారి విన్నాకే డ్రైవరు కదలాలి. నువ్వు మెట్లు దిగుతూ కనబడితే, బస్సెక్కేదాకా నేను రెండోసారి చెప్పేదాన్ని కాదు. ఆ డ్రైవర్ల చేత ఎన్ని తిట్లు తిన్నానో నీ మూలంగా!”

అమ్మాయి పకపకా నవ్వింది. “ఇదంతా కెమెరా ముందు చెప్పాలి అమ్మమ్మా!”

అతను తన స్టూలు మీదికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ బస్సు తన అదృష్టం కొద్దీ దొరికేదనుకున్నాడు. పైనుంచి ఒక మనిషి తనను చూస్తూ ఉందని, తన కోసం ఒక మాటను నోట్లోనే ఆపుకుందని అతనికి తెలియదు. చెవులు వేడెక్కాయి. వేలు రికార్డరు ఎర్ర మీట మీదికి వెళ్ళింది. ఒకసారి నొక్కాడు.

ఆమె యాభై నిమిషాలు మాట్లాడింది. జలుబు చేసినప్పుడు నిమిషానికోసారి గొంతు సవరించుకున్న సంగతి, తప్పిపోయిన పిల్లవాడి పేరును మధ్యాహ్నమంతా పిలిచిన సంగతి, ఏడు నలభై సంగతి. చివర ఒక్కసారి వెన్ను నిటారుగా పెట్టి, పాత గొంతుతో బస్సు నంబరు చెప్పింది. అతని చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

“సౌండ్ ఓకేనా మామయ్యా?”

“ఓకే.”

తర్వాత అలవాటు ప్రకారం అందరినీ ఒక్క నిమిషం కదలకుండా కూర్చోమన్నాడు. గది వట్టి చప్పుడు కావాలి.

“ఏమీ లేనిదాన్ని కూడా పట్టుకుంటావా?” అంది ఆమె.

“మాటల మధ్య అతుకులు తెలియకుండా ఉండాలంటే అదే కావాలమ్మా.”

ఈసారి వేలు తన అలవాటు తప్పలేదు. మీటను రెండుసార్లు నొక్కింది. వచ్చేటప్పుడు తాళాలూ గుర్తున్నాయి, ఫ్రిజ్ కూడా వేశాడు.

సాయంత్రం స్టోరు గదిలో రికార్డరును కంప్యూటరుకు తగిలిస్తే లోపల ఒక్కటే ఫైలు ఉంది. నిడివి ఒక నిమిషం. ఆ మీటను ఒకసారి నొక్కితే లైటు మినుకుమంటుంది, చెవుల్లో అంతా వినబడుతుంది, లోపల మాత్రం ఏమీ ఎక్కదు. రెండోసారి నొక్కితేనే ఎక్కుతుంది. ఈ పాఠం ప్రతి కొత్త తరగతికీ మొదటి రోజున అతనే చెబుతాడు.

మైకులు తుడవకుండానే లేచి, వెళ్ళి అమ్మాయికి చెప్పాడు. తప్పు నాదే అన్నాడు. ఆమె అతని ఎదుటే పెద్దావిడకు ఫోను చేసింది. అవతల నవ్వు అతనికీ వినబడింది.

“ఓస్, ఇంతేనా? రెండోసారి చెప్పడం నాకేమైనా కొత్తా? గురువారం రండి. ఏడు నలభైని ఏమీ అనకు, పాపం.”

ఇంట్లో అతనూ అక్కా ఇద్దరే. ఆమెకు ఒక చెవి చిన్నప్పటినుంచీ వినబడదు. కంచాల ముందు కూర్చోగానే రోజూ ఒకటే అడుగుతుంది.

“ఇవాళ ఏం విన్నావురా?”

యాభై నిమిషాలూ చెప్పాడు. అంతసేపు తమ్ముడు మాట్లాడటం ఆమె ఎరగదు. మంచి చెవిని అతని వైపు తిప్పి, తినడం మానేసి వింది.

“ముప్పై ఏళ్ళనుంచి ఈ వీధిలో ఉంటున్నాం, నన్ను చూసి బస్సు ఆపిన మహారాజు ఒక్కడూ లేడు,” అంది. “ఇంతకీ ఆవిడకేమన్నా అన్నావా?”

“ఏమని?”

“మేలు చేశారమ్మా అనో, ఇంకోటో. నోరు లేదూ?”

“అప్పుడు పనిలో ఉన్నానే. గురువారం చెప్తా.”

మర్నాడు, బుధవారం మధ్యాహ్నం అమ్మాయి స్టోరు గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

“అమ్మమ్మ అన్నం తిని పడుకున్నారట మామయ్యా. మళ్ళీ లేవలేదట.”

అతను స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. ఆమే అడిగింది, ఆ ఒక్క నిమిషం వినిపించమని. హెడ్‌ఫోన్లు ఆమెకే ఇచ్చాడు. అందులో ఏముందో అతనికి తెలుసు: దూరంగా ఒక హారను, ఊపిరి తీసినప్పుడల్లా మైకుకు ఒరుసుకునే స్వెటరు, నలభయ్యో సెకను దగ్గర పెద్దావిడ ఆపుకున్న నవ్వు.

అమ్మాయి రెండుసార్లు విని వెళ్ళిపోయింది. పై నెల సినిమా ఇవ్వాలి. దానికి మాటలు లేవు.

సాయంత్రం గది మూసేముందు మైకులన్నీ గుడ్డతో తుడిచి పెట్టడం అతని పని. రెండో అరలోని పెట్టె తెరిచాడు. చిన్న మైకు క్లిప్పు పళ్ళ మధ్య బూడిదరంగు ఉన్ని పోగు ఒకటి చిక్కుకుని ఉంది. గుడ్డ చేతిలోనే ఉంది. ఆ ఒక్క మైకు ఇంకా తుడవలేదు.