టీసీ లేని పిల్ల

కర్దనూర్ బర్నబా తన కూతురు సుకుమారిని పటాన్‌చెరులో ఇంగ్లీషు బడికి పంపిస్తున్నాడంటే ఊరంతా నోరెళ్లబెట్టింది. డబ్బాల ఫ్యాక్టరీలో హెల్పరు జీతం ఎంతని? నెలకు పద్దెనిమిది రూపాయల ఫీజు; బూట్లు, టై వేరే. ఆ టై కట్టడం తల్లికీ రాదు, తండ్రికీ రాదు. ఒకసారి టీచరమ్మ వేసిన ముడినే విప్పకుండా ఏడాదంతా తల మీదుగా తొడిగేవారు. అయినా పిల్ల ఇంగ్లీషు పద్యం అప్పజెబుతుంటే బర్నబాకు కడుపు నిండిపోయేది.

డెబ్బై ఎనిమిదిలో ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆర్నెల్లయినా తీయలేదు. ఫీజు బాకీ పడింది. ఇక గొప్పలకు పోకుండా పిల్లను సర్కారు బడిలో వేద్దామని, బడి మారడానికి కావలసిన టీసీ కోసం వెళ్లాడు బర్నబా.

"బాకీ మొత్తం కట్టు, అప్పుడే టీసీ" అన్నాడు గుమాస్తా తలెత్తకుండానే.

"కట్టేటట్టుంటే పిల్లను ఎందుకు తీస్త సార్?"

గుమాస్తాకు నవ్వొచ్చింది. బర్నబాకు ఏడుపొచ్చింది. చదివించడానికి డబ్బు కావాలని తెలుసు గానీ, మాన్పించడానికీ కావాలని అతనికెవరూ చెప్పలేదు. నాలుగుసార్లు తిరిగాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. లాభం లేకపోయింది.

చివరికి పిల్లను వెంటబెట్టుకుని ఊళ్లో సర్కారు బడికి వెళ్లాడు. హెడ్మాస్టరు నాగయ్య మంచివాడే. మంచివాడైతే మాత్రం ఏం చేస్తాడు?

"టీసీ లేకుంటే అయిదో తరగతిల చేర్చుకోరాదు బర్నబా. ఒకటో తరగతైతే నోటిమాట మీద రాసుకుంట. గని పదేండ్ల పిల్లను ఒకటిల రాస్తే పైనోళ్లు నన్నడుగుతరు. అయిదేండ్లని చెప్పు, రాస్త."

"నాలుగు పాసైన పిల్ల సార్!"

"కాయిదమేది మరి?"

అబద్ధం ఆడొద్దు బిడ్డా అని ప్రతి ఆదివారం చర్చికి నడిచే దారిలో ఆ పిల్లకు చెప్పింది బర్నబాయే. కాదంటే ఇక ఆమెను చేర్చుకునే బడి లేదు.

నాగయ్య రిజిస్టరు తెరిచాడు. "చెప్పు, వయసెంత?"

బర్నబా నేల చూస్తూ నిలబడ్డాడు. సుకుమారి తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది.

"అయిదేండ్లు సార్" అంది, పొట్టిగా కనబడాలని గౌను లోపల మోకాళ్లు కొంచెం వంచి.

నాగయ్య రాసుకున్నాడు. బర్నబా సంతకం చేశాడు.