ఖాళీగా పంపకూడని సీసాలు

జ్లాతినా కళ్లు నులుముకుని మళ్లీ కంప్యూటర్ తెరకేసి చూసింది. రొడోపీ కొండల్లో ఆమె పుట్టిన ఊరి ఆడవాళ్ల మలం నమూనాలవి. ఆ ఊరి ముసలమ్మలు తొంభై దాటినా మేకల వెంట కొండెక్కుతారు. వాళ్ల పేగుల్లో ఏ జాతి బాక్టీరియా ఎంతుందో తేల్చడం ప్లొవ్‌దివ్ పట్నంలోని ప్రయోగశాలలో ఆమె పని. తీరా చూస్తే ఊరి నుంచి వచ్చిన ఎనిమిది సీసాలూ ఒకే లెక్క చెబుతున్నాయి. అవే జాతులు, అవే పాళ్లు.

"మీ ఊరంతా ఒకే కడుపుతో బతుకుతోందా ఏంటి?" అన్నాడు పక్క బల్ల ఓగ్న్యాన్. ఎవరినో ఒకరిని ఎత్తిపొడవకపోతే అతనికి తిన్నది అరగదు.

పరీక్ష మళ్లీ చేసింది. ఏమీ మారలేదు. కవలలకైనా ఇంతగా కలవదు. ఆమెను భయపెట్టింది మాత్రం ఇంకొకటి. నోట్లో ఉండాల్సిన ఒక సూక్ష్మజీవి ఎనిమిదింటిలోనూ కుప్పలుగా ఉంది. పేగులో కేన్సర్ గడ్డ ఉన్నవాళ్లలో తరచు కనిపించేది అదే. దాన్నొక్కదాన్నీ చూసి జబ్బని తేల్చలేం, చూశాక ఊరుకోనూలేం. ఇన్ని సీసాల వెనక ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషెవరో కనుక్కుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మర్నాడే ఊరికి బయల్దేరింది. పేనా అత్తేమో, ఇంకెవరైనానేమో అని దారంతా ఒక్కొక్కరినీ తలచుకుంది. అమ్మ పేరు ఒక్కసారీ తలపుకు రాలేదు. సీసాలు పంచిందీ, పోగుచేసి పంపిందీ అమ్మే మరి.

ఇంటికి చేరేసరికి తల్లి స్తోయిమెంక వంటింట్లో పాలు తోడుపెట్టి, గిన్నెకి కంబళి చుడుతోంది.

"అమ్మా, ఆ సీసాలు నింపిందెవరు?"

"ఎవరివి వాళ్లే."

"నిజం చెప్పమ్మా."

తల్లి కంబళి అంచు సర్దింది. "వాళ్లకి సిగ్గే. 'నా కడుపులోది పట్నంలో పదిమందికీ చూపిస్తావా' అని పేనా నామీద గయ్యిమంది. అందరూ ఖాళీ సీసాలే తెచ్చి నా బల్లమీద పెట్టిపోయారు. ఒకరి గిన్నె మనింటికొస్తే ఖాళీగా తిప్పి పంపుతామా ఎప్పుడైనా? అందులోనూ నీ సీసాలాయె."

జ్లాతినా పీట లాక్కుని కూర్చుని తల్లి మొహంలోకి చూసింది.

"అలా చూస్తావేంటే? అన్నిటికీ సమానంగా సర్దాను, దేనికీ తక్కువ చెయ్యలేదు," అంది తల్లి కాస్త గర్వంగానే. "లెక్కలు బాగా వచ్చాయా?"

జ్లాతినా లేచి కొక్కేనికున్న తల్లి కోటు తీసింది. "వేసుకో అమ్మా. నాతో ఇప్పుడే రావాలి."

"పెరుగన్నా తోడుకోనీవే..."

అంటూనే ఆమె, కూతురు కోటు విప్పి పట్టుకుని అక్కడే నిలబడి ఉండటం చూసింది. ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇంకేమీ అడగకుండా చేతులు చాపి కోటు తొడుక్కుంది.