సీసా మీద ఉల్కాన్

ఆ ఏడు బిష్కెక్‌లో మే నెలలోనే ఎండలు ముదిరాయి. రోడ్ల మలుపుల్లో గొడుగులు లేచాయి, వాటి కింద మక్సిమ్ పీపాలు కూర్చున్నాయి. వేయించిన బార్లీ నూకను కాచి, చల్లార్చి, పులియబెట్టిన ఆ జావ ఒక గ్లాసుడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తక్కర్లేదు. అందరూ ఎజె, అంటే అక్కా అని పిలిచే ఉల్కాన్ ముప్పై ఒక్క ఏళ్ళుగా దాన్నే పులియబెడుతోంది. కుముష్ తమ్చి పానీయాల ఫ్యాక్టరీలో కింది అంతస్తు ఆమె ఇలాకా. తెల్లారగానే ఒక్కో తొట్టి మూత తీసి వాసన చూసేది, గరిటెడు నోట్లో పోసుకునేది, "ఇది పంపించండి, అది సాయంత్రం దాకా ఆగాలి" అని తేల్చేది. ఆ మాటకు తిరుగు లేదు. అలాగని ఎవరూ ఆమెను మెచ్చుకున్నదీ లేదు. పులుపు కుదిరితే అది బార్లీ మంచితనం, కుదరకపోతే ఉల్కాన్ తప్పు.

ఒకరోజు పై అంతస్తు నుంచి కబురొచ్చింది. తడి చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ వెళ్ళింది. యజమాని కచ్కిన్‌బాయ్ పెద్ద బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ సిమిక్ అనే కుర్రాడు నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, దుబాయ్‌లో పానీయాల సంత చూసి వచ్చిన మర్నాడే "వినియోగదారుల ధోరణుల విభాగానికి అధిపతి" అయ్యాడు. ఆ విభాగంలో ఉన్నది అతనొక్కడే.

"దాహం పని అయిపోయింది, ఎజె," అన్నాడు సిమిక్, చావు కబురు చెప్పినంత మెల్లగా.

"ఎవరికి నాయనా?"

"ప్రపంచానికి. దాహం తీరడానికి ఇప్పుడెవరూ తాగడం లేదు. నిద్ర పట్టడానికి తాగుతున్నారు. చర్మం మెరవడానికి, పొట్ట కుదురుకోవడానికి, మనసు నిలవడానికి తాగుతున్నారు. ఇక ముందు పానీయం అంటే ఏదో ఒక పని చెయ్యాలి. మాల్‌లో నాలుగు వందల పన్నెండు మందిని అడిగాను. దాహం కోసం తాగుతాం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు!"

"ఒక్కరూ లేరా?"

"అసలా ప్రశ్నే కాగితం మీద లేదనుకోండి, అది వేరే సంగతి," అన్నాడు సిమిక్.

కచ్కిన్‌బాయ్ గడ్డం గోక్కున్నాడు. కిందటేడు మక్సిమ్ అమ్మకాలు తగ్గాయి. దుబాయ్ సంతకు అతనూ వెళ్ళాడు గాని, కాళ్ళు నొప్పి పుట్టి రెండు రోజులూ మసాజు కుర్చీలు అమ్మే చోటే గడిపాడు. అందుకని కుర్రాడు చూశానన్నదల్లా నమ్మక తప్పలేదు.

"ఉల్కాన్, ఈ అబ్బాయి చెప్పినట్టు ఒకటి చేసి చూడు. నీ మక్సిమ్‌నే కొంచెం ఆధునికంగా," అన్నాడు.

ఆ కొంచెం అన్నది వేసవంతా సాగింది. సిమిక్ వారానికోసారి పదిమందిని పోగుచేసి, చిన్న కప్పుల్లో పోసి తాగించి, వాళ్ళన్నది రాసుకుని కిందికి దిగేవాడు. మొదటి వారం జనం అడుగున మడ్డి కనబడకూడదన్నారు. ఉల్కాన్ వడకట్టింది. తర్వాత పులుపు వాసన వద్దన్నారు. పులియడం రెండు గంటలకే ఆపేసింది. బార్లీ పడనివాళ్ళు ఎక్కువయ్యారని మరో వారం బార్లీ తీసేయమన్నారు.

"బార్లీ తీసేస్తే ఇంక మిగిలేదేంటి?"

"దాని స్ఫూర్తి మిగులుతుంది, ఎజె."

జూలైలో చక్కెర పోయింది. ఆగస్టు మొదట్లో, అంతకుముందు నింపి గోదాములో పెట్టిన సీసాలు వేడికి పొంగి, మూతలు టపటపా పైకప్పుకు తగిలాయి. దాంతో లోపలి పులుపు జీవాన్ని కూడా మరిగించి చంపేశారు. సీసా మీద "ప్రాణమున్న పానీయం" అనే మాట మాత్రం అలాగే ఉండనిచ్చారు, ఎందుకంటే జనానికి అది నచ్చింది. బదులుగా సిమిక్ కొన్ని కలిపించాడు. గులాబి రంగు కోసం కోరిందపళ్ళ రసం రెండు చుక్కలు, కొండల్లో దొరికే బంగారు వేరు అనే మూలిక పొడి ఇంత. ఇంత అంటే, వెయ్యి లీటర్ల తొట్టికి టీ చెంచాడు. ఉల్కాన్ చెంచా పొంగేలా నింపి వేయబోతే సిమిక్ చెయ్యి పట్టుకున్నాడు.

చివరి తొట్టి మూత తీసి ఆమె అలవాటుగా వాసన చూసింది. ఏ వాసనా లేదు. గరిటెడు తాగింది. కాసేపు ఆలోచించింది.

"ఇవి నీళ్ళు," అంది.

సిమిక్ ఫోనులో రాసుకున్నాడు. "స్వచ్ఛమైన రుచి, ఎలాంటి వెగటూ లేదు. ఇంకా చెప్పండి ఎజె!"

ఆ నీళ్ళకు "తించ్" అని పేరు పెట్టారు, ప్రశాంతం అని. ఒక్కటే కొరత. మాల్‌లో జనం సీసా పట్టుకుని, ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, దీని వెనక ఎవరున్నారు అని అడుగుతున్నారట. వెనక మనిషి లేని పానీయం ఇకముందు బతకదట. సిమిక్ ఉల్కాన్ మొహంలోకి తేరిపార చూశాడు.

ఇక్కడ ఉల్కాన్ గురించి నిజం చెప్పుకోవాలి. ఆమె వద్దనలేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, బుగ్గలు ఎండకు కమిలిపోయాక, నీ మొహం కావాలని ఒకరు అడిగారు. అద్దెకు తెచ్చిన గుడారం ముందు, అద్దెకు తెచ్చిన పాతకాలం బామ్మల తెల్లటి పెద్ద తలపాగా చుట్టుకుని, తను ఎన్నడూ పాలు పితకని ఆడగుర్రం పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. మూడు కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టింది. సీసా వచ్చాక చూసుకుంటే తన బొమ్మ కింద రాసి ఉంది: "బామ్మ రహస్యం. నరాలకు నెమ్మది, రక్తానికి సమతూకం."

"నా రహస్యం ఏంటి నాయనా ఇందులో?"

"చెబితే రహస్యం ఎలా అవుతుంది, ఎజె?"

నెల తిరిగేసరికి ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. సిటీ వ్యానులో కుర్రాళ్ళు లేచి సీటిస్తున్నారు. బజారులో ఖుర్మానీపళ్ళమ్మే అమ్మాయి అడుగున దాచిన మంచివి తీసి ఇస్తోంది. ఉల్కాన్‌కి ఇదంతా బాగానే ఉంది. పైకి విసుక్కుంటూనే పని లేకపోయినా బజారుకి రెండుసార్లు వెళ్ళొచ్చేది.

సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వస్తే, మూడో అంతస్తు మెట్ల మీద ఎదురింటి సకీనా చతికిలబడి ఉంది. చేతిసంచీ దొర్లి ఉల్లిపాయలు మెట్లన్నీ దిగిపోయాయి. మనిషి ఒళ్ళు తేలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, నాలుక మడత పడుతోంది.

"కోకుయ్! ఏమైందే సకీనా?"

"ఏం లేదే... కళ్ళు తిరిగాయి. దాహం, దాహం... ఒకటే దాహం."

సకీనాకు చక్కెర జబ్బు. పన్నెండేళ్ళుగా మాత్రలు మింగుతోంది. ఉల్కాన్ అంబులెన్సుకి ఫోను చేసి, ఆమె ఇంట్లోకి పరుగెత్తి మాత్రల కోసం వెతికింది. డబ్బా దొరికింది, నిండుగా ఉంది. పక్కనే కిటికీ గట్టు మీద ఖాళీ సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పద్దెనిమిది సీసాల మీద పద్దెనిమిది ఉల్కాన్‌లు తలపాగాలు పెట్టుకుని నవ్వుతున్నారు.

అంబులెన్సులో వచ్చిన చిన్న వయసు డాక్టరమ్మ వేలు గుచ్చి రక్తం చూసింది. మొహం చిట్లించింది.

"మాత్రలు ఎప్పుడు మానేశారు?"

"మూడు వారాలైంది," అంది సకీనా. "రక్తానికి సమతూకం అని దాని మీదే రాసుందిగా. ఈ ఉల్కాన్‌ని నేను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును డాక్టరమ్మా, అబద్ధం ఆడే మనిషి కాదు."

డాక్టరమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. సీసా వంక చూసింది, తలెత్తి ఉల్కాన్ వంక చూసింది. ఒక్క మాటైనా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఉల్కాన్ ఆ తర్వాత చాలా రోజులు అనుకుంది.

సకీనా ఆసుపత్రిలో గండం గడిచి బయటపడింది. మర్నాడు ఉల్కాన్ తొట్ల మూతలు తీయకుండా నేరుగా పై అంతస్తుకి వెళ్ళి, సీసా బల్ల మీద దబ్బున పెట్టింది.

"నా మొహం తీసేయండి, బైకె," అంది, యజమానిని అన్నా అని పిలుస్తూ.

కచ్కిన్‌బాయ్ సంగతంతా విన్నాడు. అతని మొహం నిజంగానే పాలిపోయింది. కాని సిమిక్ ఆ మూడు కాగితాలూ తెచ్చాడు. రెండేళ్ళదాకా మొహం కంపెనీదేనట.

"మొహం మీదైతే నోరు నాది," అంది ఉల్కాన్. "రేపటినుంచి పెద్ద బజారు గేటు దగ్గర ఈ బొమ్మలోలాంటి తలపాగాతోనే నిలబడతా. వచ్చేపోయే ప్రతివాళ్ళకీ చెబుతా, ఇవి నీళ్ళురా బాబూ, నేనే కలిపాను అని. ఆపుతారా? ఆపండి చూద్దాం."

"ఎజె, భయం అనేది ఇప్పటి ధోరణుల్లో లేదు," అన్నాడు సిమిక్ బతిమాలుతున్నట్టు. "జనానికి నెమ్మది కావాలి..."

"సకీనాకి శాశ్వతంగా నెమ్మది వచ్చేదే, కాస్తలో తప్పింది!"

కచ్కిన్‌బాయ్ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "ఏం రాయమంటావో చెప్పు ఉల్కాన్. అదే వేయిద్దాం. ఆ రక్తం మాట తీసెయ్యి సిమిక్."

ఆమె అప్పటికప్పుడు చెప్పింది, సిమిక్ పళ్ళు బిగించి రాసుకున్నాడు. వారంలో సీసాలకు అంటించే కొత్త కాగితాలు అచ్చయ్యాయి. కళ్ళెర్రజేసిన ఉల్కాన్ కొత్త ఫొటో కింద ఎర్రటి పెద్ద అక్షరాలతో ఉంది: "ఇవి నీళ్ళు. నీ మాత్రలు మానావంటే ఊరుకోను. ఉల్కాన్."

సిమిక్ కొత్త ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఉల్కాన్‌కు చాలా కాలానికి హాయిగా నిద్ర పట్టింది.

నెలాఖరుకి తించ్ అమ్మకాలు మూడింతలయ్యాయి.

మొదట లెక్క తప్పారేమో అనుకున్నారు. సిమిక్ మాల్‌కి పరుగెత్తి, మళ్ళీ నాలుగు వందల పన్నెండు మందిని అడిగాడు. తిరిగొచ్చేసరికి అతని కళ్ళు వెలిగిపోతున్నాయి.

"ఒకావిడ ఏమందో తెలుసా ఎజె? 'నిజంగా నీళ్ళే అయితే నీళ్ళని ఎవరైనా రాస్తారా?' అంది. ఇంకొకాయన, 'మాత్రలతో పోటీ పడేంత గట్టి సరుకు కాబట్టే హెచ్చరిక పెట్టారు, మా ఆవిడకి ఒక పెట్టె కొంటున్నా' అన్నాడు!"

"మూర్ఖులు!"

"ఆ మాట కూడా వాడుకోవచ్చా?"

అన్నమాట ప్రకారం ఉల్కాన్ బజారు గేటు దగ్గర నిలబడింది కూడా. "నీళ్ళురా, ఉత్త నీళ్ళు!" అని గొంతు పోయేలా అరిచింది. జనం చుట్టూ మూగి వీడియోలు తీసుకున్నారు, అరుపు అయిపోగానే పక్క దుకాణంలో వరసకట్టి సీసాలు కొన్నారు. ఒక పెళ్ళికూతురు వచ్చి, తనను కూడా ఒకసారి తిట్టమని అడిగింది. పోటీ కంపెనీలవాళ్ళు నవ్వే బామ్మల్ని తీసేసి, కనుబొమలు ముడేసిన బామ్మల్ని వెతికి పట్టుకున్నారు. సిమిక్‌ను అల్మాటీలో ఒక సభకు పిలిచారు. అక్కడ అతను "రేపటి కొనుగోలుదారు కసుర్లు కోరుకుంటున్నాడు" అనే విషయం మీద గంటసేపు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు.

కోపం, సిగ్గు రెండూ పట్టలేక ఒకరోజు ఉల్కాన్ సకీనా తలుపు కొట్టింది. ఎవరితోనైనా చెప్పుకుని ఏడవాలి. తలుపు తీసిన సకీనా చేతిలో గులాబి సీసా ఉంది.

"నీకసలు బుద్ధుందా? చచ్చి బతికావు! మళ్ళీ అదేనా?"

"అరవకే. లోపలికి రా." సకీనా తాపీగా కూర్చుని అరచేతిలోని మాత్ర చూపించింది, నోట్లో వేసుకుంది, తించ్ ఒక గుక్క తాగి మింగింది. "రోజుకి రెండు. ఒక్కటి మానలేదు."

"టీతో మింగొచ్చుగా!"

"టీ నన్ను తిట్టదుగా. పన్నెండేళ్ళు డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, గుర్తుంటే వేసుకునేదాన్ని, లేకపోతే లేదు. ఇప్పుడు సీసా తీసేసరికి నువ్వు కళ్ళెర్రజేసి చూస్తున్నావు. ఒళ్ళు మండి వేసుకుంటున్నా." మొన్న రక్తం చూసి డాక్టరమ్మ మెచ్చుకుందని కూడా చెప్పింది. పై ఇంటి ముసలాయన సైతం గుండె మాత్రలు వేళకు వేసుకుంటున్నాడట, ఉల్కాన్ ఊరుకోదని.

ఉల్కాన్ కుర్చీలో కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కాసేపు చేసింది. సకీనా ఆమె ముందు రొట్టె, వెన్న పెట్టి ఓపిగ్గా ఎదురుచూసింది.

మర్నాడు పొద్దున్నే పై అంతస్తుకి వెళ్ళి సిమిక్ ఎదురుగా కూర్చుంది.

"రాసుకో. ఇంక నెలకో మాట మారుస్తూ వేయాలి. ఒప్పుకుంటేనే ఈ మొహం ఉంటుంది, లేదంటే ఆ తలపాగా లేకుండా వట్టి తలతో వీధుల్లో తిరుగుతా, అప్పుడు చూసుకో నీ బామ్మని."

సిమిక్ ఆత్రంగా ఫోను తీశాడు. "చెప్పండి, చెప్పండి."

"ఉప్పు తగ్గించు. రాశావా? కళ్ళు మసకగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు, పక్కింటిదాన్ని అడక్కు. తర్వాత... దాహమేస్తే కుళాయి నీళ్ళు కాచుకుని తాగు, దీనికి డబ్బులు తగలెయ్యకు."

"అది పెడితే అమ్మకాలు ఇంకా పెరుగుతాయి, ఎజె," అన్నాడు సిమిక్ భక్తిగా.

"పెరిగి చావనీ. రాయి."

అతను రాయబోతూ ఆవలింత ఆపుకోలేకపోయాడు. ఉల్కాన్ అప్పుడే అతన్ని పరీక్షగా చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు, బుగ్గలు లోపలికి పోయాయి. బల్ల కింద బుట్టలో రకరకాల పోటీ కంపెనీల డబ్బాలు, మెలకువకొకటి, నిద్రకొకటి, ధైర్యానికొకటి.

"నువ్వు చివరిసారి అన్నం తిన్నదెప్పుడురా?"

సిమిక్ పైకప్పు వంక చూసి గుర్తు చేసుకోబోయాడు.

"చాల్లే. ఫోను అక్కడ పడేసి లే," అంది ఉల్కాన్, అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతూ. "కింద అసలైన బార్లీ మక్సిమ్ తొట్టి ఒకటి పొద్దున్నే పులుపుకొచ్చింది. మడ్డితో సహా తాగుదువుగాని, పద."