ఫోటో వెనక వేడి రేకు

ఖియెమ్ పోయిన దగ్గర్నుంచి, సాదెక్ ఊరి కాలవ గట్టు మీది ఆ ఇంట్లో జపం పెట్టె నోరు మూయలేదు. అరచేతిలో పట్టేంత పెట్టె, అమితాభ బుద్ధుడి పేరు పాడుతూనే ఉంటుంది. నలభైతొమ్మిదో రోజు దాకా అది ఆగకూడదు. ఆగితే పోయినవాడు దారి తప్పుతాడని ఆ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

బ్యాటరీలు మాటిమాటికీ అయిపోతుంటే కూతురు థోవా పూనుకుంది. కరెంటు పని ఆమెకి కొత్త. వీడియోలు చూసి నేర్చుకుంటూ ఇప్పటికే ఒక ఫ్యానునీ, సగం వేళ్ళనీ కాల్చుకుంది. నాన్న పాత పన్నెండు వోల్టుల అడాప్టరు తీసింది. దాన్ని ఐదుకి దించే మూడుకాళ్ళ రెగ్యులేటరు మధ్యలో పెట్టి, పెట్టెనీ, పోయినవాళ్ళ ఫోటోలు పెట్టే పీఠం మీది తామరపువ్వు దీపాలనీ దానికే తగిలించింది. రెగ్యులేటరు వీపున చిల్లున్న చిన్న రేకు ఉంటుంది. గోడ మేకుకి తగిలించడానికి కాబోలు అనుకుంది. పెద్దల పీఠం మీద ఒట్టి లోహం కనబడితే మర్యాద కాదని, ఎర్ర పట్టుగుడ్డ మడతలు మడతలుగా చుట్టి నాన్న ఫోటో వెనక దాచింది. ఎంత ముచ్చటగా చేశానో అని మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం.

ఆ మధ్యాహ్నం తల్లి న్యాన్ పీఠం మీద అన్నం గిన్నె పెట్టి, "చల్లారకముందే తింటావా?" అంది. జపం టక్కున ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. థోవా పరుగున వచ్చింది. కాసేపటికి దీపాలు వాటంతటవే వెలిగాయి, జపం మళ్ళీ మొదలైంది.

"ఔనంటున్నాడే," అంది న్యాన్.

ఇక ఆవిడ పీఠం ముందు నుంచి లేవలేదు. అడగడం, ఎదురుచూడడం, అంతే పని. అక్కడ చలిగా ఉందా? ఆగేది. ఒంటరిగా ఉన్నావా? ఆగేది. ఆగకపోతే ఆగేదాకా అదే మాట అడిగేది. థోవా మొదట్లో నవ్వుకుంది. ఆ నిశ్శబ్దం పడినప్పుడల్లా తనకీ వీపు మీద వెంట్రుకలు లేస్తున్నాయని మాత్రం ఒప్పుకోలేదు.

ఒకరోజు వంటింట్లో చేపలు తోముతుంటే తల్లి గొంతు వినబడింది. "నన్ను కూడా రమ్మంటావా?"

జపం ఆగింది.

ఆ పూట నుంచి న్యాన్ గంజి ముట్టలేదు. బట్టల పెట్టెలోంచి, పోయేటప్పుడు కట్టుకోడానికని తెల్లబట్టలు తీసి, ఇస్త్రీ చేసి మంచం పక్కన పెట్టుకుంది. థోవా కాళ్ళావేళ్ళా పడింది.

"నీకేం పోయేకాలమమ్మా?"

"అదేగా నేను చెప్పేది," అంది తల్లి తాపీగా. "పిలిచాక వెళ్ళకపోతే మీ నాన్న చిన్నబుచ్చుకుంటాడు. ఆయన సంగతి నీకు తెలీదా?"

థోవాకి ఏం చెయ్యాలో తోచక ఫోటో వెనక చెయ్యి పెట్టింది. పట్టుగుడ్డ జ్వరమొచ్చిన మనిషి ఒళ్ళులా ఉంది. మడతలు విప్పి రేకు ముట్టుకుంటే వేలు చుర్రుమంది. అప్పుడు కూర్చుని, ముందే చదవాల్సింది చదివింది. పన్నెండులో ఐదు పోను మిగతాదంతా ఆ రెగ్యులేటరు వేడిగా కక్కుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికే రేకు. దాని దారి మూసేస్తే, అది మాడిపోకుండా తనంతట తనే కట్టేసుకుంటుంది. చల్లారాక మళ్ళీ మొదలెడుతుంది.

"నాన్న కాదే అమ్మా, ఇది. నా తెలివితక్కువ పని. గుడ్డ చుట్టాను, ఉడికిపోయింది. కావాలంటే ముట్టుకు చూడు."

న్యాన్ ముట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మీ నాన్న చెయ్యి ఎప్పుడూ ఇలాగే కాలేది," అంది.

థోవాకి ఏడుపొచ్చింది. ఇక మాటలతో లాభం లేదని వేడి లాగేలా పాత అల్యూమినియం మూత కోసి రేకుకి ఆనించి, చిల్లులోంచి మర బిగించింది. ఈ రకానికి రేకు ఎలాగూ గ్రౌండు తీగతో కలిసే ఉంటుంది, కరెంటు మూతలోకి పాకకుండా మధ్యలో అభ్రకం బిళ్ళ అక్కర్లేదు. వేరే రకాల్లో రేకులోనే కరెంటు పారుతుందని ఈసారి చదివే బిగించింది. గుడ్డ తీసేసి గాలి తగిలేలా ఫోటో పక్కన నిలబెట్టింది.

జపం ఆగలేదు. న్యాన్ అడిగింది, బతిమాలింది, తిట్టింది. రెండు రోజులు గొంతు పోయేలా అడిగింది. పెట్టె తన పాట తాను పాడుకుంటూనే ఉంది.

మూడో పొద్దున ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. "వెళ్ళిపోయాడే. నాతో ఒక్కమాటైనా చెప్పకుండా." ముక్కు చీదుకుని, "కాస్త గంజి ఉంటే పెట్టు," అంది.

వంటింట్లో గిన్నె తల్లి చేతికిచ్చి వచ్చి, థోవా పీఠం తుడుస్తోంది. గెలిచిందన్నమాటే గానీ మనసు బాలేదు. నాన్న నోరు తనే నొక్కేసినట్టుంది. ఫోటోలోకి చూస్తూ పెదాలు కదిపీ కదపకుండా అడిగింది. "నిజంగా నువ్వేనా నాన్నా?"

జపం ఆగింది. దీపాలు ఆరాయి.

వేలు రేకు మీద పెట్టింది. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. తీగలు కదిపింది, అన్నీ గట్టిగానే ఉన్నాయి. గోడ దగ్గర అడాప్టరు దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

వంటింట్లో చెంచా చప్పుడు ఆగిపోయింది.

"ఏమడిగావే?" అంది న్యాన్.

థోవా వేలు రేకు మీదే ఉంది, నాన్న ఎదురుగా ఉన్నాడు.

"అమ్మని ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుతావా అని అడిగాను," అంది.

 వంటింట్లో గిన్నెలో చెంచా మళ్ళీ కదిలింది.