మెత్తబడని వల

డెల్మర్ చేతికి లొంగని వల సెయింట్ లారెన్స్ నదికి ఈ ఒడ్డునా లేదు, ఆ ఒడ్డునా లేదు. ముళ్ళకంచె తెచ్చిచ్చినా సాయంత్రానికి మెత్తబరిచి, పసిపిల్లకు ఉయ్యాల కట్టుకోండి పొమ్మనేవాడు.

ఆ ఉదయం వేడినీళ్ళ గిన్నెలోంచి లాక్రోస్ కర్ర తలను, అంటే ఆటలో బంతిని పట్టి విసిరే వల ఉన్న కొసను, పైకి తీసి, తోలుతాళ్ళ వలను బొటనవేళ్ళతో నొక్కుతున్నాడు. నొక్కడం, బంతి అదిమి గుంట చేయడం, ఎముక పిడితో రుద్దడం, మళ్ళీ తడపడం. నలభై రెండేళ్ళుగా అదే పని. బొటనవేళ్ళు చెంచాల్లా వెడల్పయిపోయాయి. గోళ్ళ సందుల్లో తోలునూనె నల్లగా పేరుకుపోయింది.

లొంగని వల లేదన్నానా? ఒకటుంది. అది అతని సొంత కర్రదే. పదకొండేళ్ళ కిందట, కర్రలు చెక్కే స్నేహితుడు రాన్సమ్ హికరీ అనే గట్టి కొయ్యతో చేసి ఇచ్చిన కర్ర. ముందు ఊరివాళ్ళ పని కానీ, కానీ అంటూ మేకుకు తగిలించి వదిలేస్తే, వల ఎండి కొయ్యబారింది. మూడు వారాల కిందట డాక్టరు గుండె చప్పుడు విని, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇంటికి రాగానే డెల్మర్ ఆ కర్ర కిందికి దించి నానబెట్టడం మొదలుపెట్టాడు. మగవాడు పోతే కర్ర కూడా అతనితో పెట్టెలోకి వెళ్ళాలి. పైలోకంలో అడుగుపెట్టిన రోజే ఆటకు పిలుస్తారు మరి.

రాన్సమ్ గడపలో నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"ఇంకా అవలేదట్రా? ఊళ్ళో వాళ్ళ వలలన్నీ వెన్నముద్దలు, నీది మాత్రం ఎండుచేప. పైకెళ్ళి మొదటి బంతే జారవిడిచావనుకో, ఈ కర్ర చేసిన వెధవెవడని నన్నడుగుతారు."

"అయితే నాకంటే ముందు నువ్వెళ్ళి సర్దిచెప్పు."

డెల్మర్ బంతి వేసి కర్రను అటూ ఇటూ ఊపాడు. బంతి జారలేదు. మూడు వారాల్లో అదే మొదటిసారి. ఇద్దరూ దాన్నే చూశారు.

మధ్యాహ్నం వాకిట్లో ట్రక్కు ఆగింది. లీలండ్ కూతురు ఐయోన్ లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

"నాన్న పొద్దున పోయాడు, బాబాయ్. బూట్లు వేసుకుంటూ."

డెల్మర్ చేతిలోంచి ఎముక పిడి జారిపడింది. నిన్న సాయంత్రమే లీలండ్ ఈ బల్ల మీది మొక్కజొన్న రొట్టె అడక్కుండా ఎత్తుకెళ్ళాడు. మైదానంలో ఎడంపక్క లీలండ్, కుడిపక్క డెల్మర్. అలా ముప్ఫై ఏళ్ళు ఆడారు.

"ఒకటి వేసుకున్నాడు," అంది ఐయోన్. "రెండోది చేతిలోనే ఉంది." చేత్తో వాకిలివైపు చూపించింది. "కర్ర ట్రక్కులో ఉంది. తమ్ముడు పెట్టాడు, మగవాళ్ళ కర్ర ఆడది ముట్టకూడదని నేను ముట్టుకోలేదు. మీరే దించుకోవాలి. వలంతా ఎలుకలు కొట్టేశాయి. రేపు పొద్దున్నే..."

లీలండ్ కర్ర చెక్కుచెదరలేదు, వల మాత్రం పీలికలు. కొత్త వల ఉంది గానీ అది రేకులా బిర్రుగా ఉంది. ఒక్క రాత్రిలో లొంగేది కాదు. డెల్మర్ తన కర్రను ఒళ్ళో పెట్టుకుని ముడులు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"ఒరే, అది నీది," అన్నాడు రాన్సమ్.

"వాడికి రేపే ఆట. నాకింకా టైముంది."

పొద్దు వాలేసరికి ఆ మెత్తటి వల లీలండ్ కర్రకెక్కింది. ఐయోన్ తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. డెల్మర్ కొత్త వలను తన కర్రకు బిగించి, గిన్నెలో నీళ్ళు మార్చి, మొదటినుంచి మొదలుపెట్టాడు.

మర్నాడు ఉదయం రాన్సమ్ అతన్ని ఖననానికి తీసుకెళ్దామని వచ్చాడు. డెల్మర్ ఉతికిన చొక్కా తొడుక్కుని పీట మీద కూర్చుని ఉన్నాడు. నుదురు బల్లకు ఆనింది. బొటనవేళ్ళు వలలోనే ఉన్నాయి.

"ఒరే, ఆలస్యమవుతోంది."

రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

ఎవరికీ కబురు చెయ్యలేదు రాన్సమ్. ముందు పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాడు. ఆ వేళ్ళ మధ్య నుంచి కర్రను మెల్లగా తీసి, తడిపి, కొయ్య చెక్కే చేతులతోనే నొక్కడం మొదలుపెట్టాడు. పొగ చూసి వచ్చినవాళ్ళు రాన్సమ్‌ను ఆ పని మీంచి లేపలేకపోయారు. రెండు రోజులు అలాగే నొక్కాడు. పెట్టె మూసేముందు, డెల్మర్ బల్ల దగ్గరే రాన్సమ్ కర్ర ఎత్తి బంతి వేసి చూశాడు. వల బంతిని పట్టుకుంది.

ముళ్ళకంచె సంగతి వదిలేయండి, దాన్ని ఎలాగూ మీరు నమ్మలేదు. మిగతా కథలో నేను కల్పించింది ఒక్కటే, వల బంతిని పట్టుకుందన్న ఆ చివరి మాట. వల పట్టలేదు. బంతి జారి బల్ల కిందికి దొర్లింది. ఎవరూ వంగి తీయలేదు. ఇప్పటికీ అది అక్కడే, గోడవారన, దుమ్ములో ఉంది.