నలభయ్యో గూడు

చిన్న ఈరన్న తన జన్మలో ఎవరికీ నిండు లెక్క చెప్పి ఎరగడు. మంద ఎంతని అడిగితే ఒక గొర్రెను తగ్గించే చెబుతాడు. ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు, కాపలా. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందన్నారు, గొర్రెపిల్ల ఎంత? వాళ్ళ నాయన నేర్పిన ఆ జాగ్రత్త ముదిరి ఇంట్లోకి కూడా పాకింది. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన పిల్లలెందరని అడిగితే నలుగురు కూతుళ్ళను ముగ్గురు చేశాడు. ఆఖరి కూతురు రెండేళ్ళు కార్డులో లేకుండానే పెరిగింది. ఆ రెండేళ్ళూ పెండ్లాం హంపమ్మ బియ్యం చేటలో పోసుకున్నప్పుడల్లా మొగుణ్ణి తలుచుకుంది, మంచి మాటలతో మాత్రం కాదు.

ఏటా ఉగాది దాటగానే ఆలూరు పక్క పరక గడ్డి మిగలదు. ఈరన్న మందను తోలుకుని తూర్పుకు నడుస్తాడు. రోజుల తరబడి నడిచి ఆత్మకూరు దాపున రిజర్వాయరు చేరేసరికి, నీళ్ళు వెనక్కి తగ్గి మధ్యలో ఒక దిబ్బ తేలి ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళు దాటితే చాలు, దాని చుట్టూ అంచుల్లో పచ్చగడ్డి. ఆయన నడక అంతా ఆ గడ్డి కోసమే.

ఈ ఏడు వచ్చేసరికి దిబ్బకు ఎదురుగా గట్టు మీద ఒక గొడుగు, గొడుగు కింద మూడుకాళ్ళ దుర్భిణి, దాని వెనక ఒక పిల్ల కనిపించాయి. పేరు శివజ్యోతి, ఊరు కడప. పక్షుల లెక్క రాయడం ఆమె ఉద్యోగం.

"తాతా, ఈ నెలన్నర మందను దిబ్బ మీదికి తోలగాకు. పిట్టలు గుడ్లు పెట్టినాయి."

"పెట్టనీ పాపా. నా గొర్లేమన్నా గుడ్లు తింటాయా?"

"తినవు, తొక్కుతాయి. నువ్వే సూడు."

ఈరన్న దుర్భిణికి కన్ను ఆనించాడు. తెల్లటి ఒళ్ళు, పసుప్పచ్చ ముక్కు, నల్లటోపీ పెట్టుకున్నట్టు తల. గూడంటే పుల్లలూ లేవు, పీచూ లేదు, మన్నులో చిన్న గుంట, గుంటలో గులకరాళ్ళలాంటి మూడు గుడ్లు. పైన నిప్పులు చెరిగే ఎండ. పిట్ట లేచి నీళ్ళ మీదికి పోయి, పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడిపొట్టతోనే గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు ఉడికిపోకుండా అట్లా గడియకోసారి తడుపుతుందని శివజ్యోతి చెప్పింది. దారిలో పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకు నడిచేటప్పుడు ఈరన్న కూడా తువ్వాలు తడిపి దాని మీద కప్పుతాడు.

"తల్లే ఇది," అన్నాడు. నీళ్ళ వైపు నడిచిన గొర్రెలను కేకేసి గట్టు మీదికి మళ్ళించాడు.

శివజ్యోతి దాచకుండా ఇంకో మాట కూడా చెప్పింది. లెక్క బాగుంటే ఈ దిబ్బను పిట్టలకే వదిలేస్తారు, ఏటా ఎండాకాలం ఎవరినీ అడుగు పెట్టనివ్వరు.

"అయితే నా గడ్డి?" అన్నాడు ఈరన్న. ఆ రోజు నుంచి మంద గట్టు వెంబడే మేసింది. మేసింది అనడమే గానీ, పీకితే నాలుగు పరకలు.

మొదట్లో శివజ్యోతి ప్రతి గూటి పక్కనా ఒక పుల్ల నాటి ఎర్రపీలిక కట్టింది. కాకులకు అంతకన్నా ఏం కావాలి? విస్తరేసి పిలిచినట్టయింది. మూడు రోజుల్లో ఐదు గూళ్ళు ఖాళీ. పుల్లలన్నీ పీకేసి వచ్చి, గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆడపిల్ల ఏడిస్తే ఈరన్నకు కాళ్ళూ చేతులూ ఆడవు.

"నా మందకు నేను పుల్లలు గుచ్చినానా పాపా? మొగం సూసి చెప్తా, ఏది ఉండాదో, ఏది లేదో. ఇవీ అంతే. నువ్వు రాసుకో."

అన్నట్టే చెప్పాడు. దూరం నుంచే ఒక్కో గూటికి ఒక్కో పేరు పెట్టాడు. జగడాలమారి, కొత్తకోడలు, నిద్రమొగంది, రెడ్డిసాని. శివజ్యోతి పుస్తకం పిట్టల లెక్కలా కాక పెండ్లిపిలుపుల జాబితాలా తయారైంది. మధ్యాహ్నం ఆయన జొన్నరొట్టెలో సగం ఆమెకు, ఆమె పెరుగన్నంలో సగం ఆయనకు. రెండు వారాలకు ఈరన్నకు ఆమె ఐదో కూతురే అయింది. ఎవరన్నా అడిగితే నాలుగో కూతురనే చెప్పి ఉండేవాడు.

లెక్క పంపాల్సిన రోజు రానే వచ్చింది. ఈరన్న పేర్లన్నీ చెప్పాడు, ఆమె రాసుకుంది, వేలు పెట్టి లెక్క పెట్టింది. మళ్ళీ పెట్టింది. కలం కింద పెట్టేసింది.

"ముప్పై తొమ్మిది, తాతా."

"శానా ఉండాయి కదా?"

"నలభై ఉండాల. పైనోళ్ళ మాట అది. ఒక్క గూడు తగ్గినా కాగితం పక్కన పెడతారు. వచ్చే ఏడు ఈ దిబ్బ మీద వలలు ఎండబెట్టుకుంటారు, కుక్కలు తిరుగుతాయి. ఇన్నాళ్ళు చేసిందంతా ఉత్తదే."

ఈరన్న కళ్ళు దిబ్బ మీదికి పోయాయి. దిబ్బకు అవతలి కొసన చేపలోళ్ళ విరిగిన పుట్టి ఒకటి బోర్లా పడి ఉంది. దాని వెనక, పుల్లలన్నీ పీకేశాక పెట్టిన గూడు ఇంకొకటి ఉంది. గొడుగు దగ్గరి నుంచి కనబడదు, మంద మేసే వైపు నుంచే కనబడుతుంది. ఆ పిట్టకు ఒక కాలు లేదు. ఒంటికాలితోనే గుడ్లు పెట్టి, ఒంటికాలితోనే కాకులను తరిమింది. అన్నిట్లోకీ ఆయనకు అదంటేనే ప్రాణం. అందుకే దాన్ని చెప్పకుండా దాచుకున్నాడు. నిండు లెక్క చెప్పడమే తప్పు, అందులోనూ కుంటిదాన్ని జనం నోళ్ళలో వేస్తాడా?

చెప్పకపోతే ఇంకో లాభం కూడా ఉంది. గడ్డి దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఈరన్నకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా అది వెంటనే పోలేదు. నూరు దాటిన నోళ్ళ మంద ఆయనది. వెనక్కి తిరిగి చూస్తే గొర్రెలు డొక్కలు ఎగరేస్తూ మన్ను నాకుతున్నాయి. ఇటు చూస్తే పిల్ల దుర్భిణి కాళ్ళు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"ఇంగొకటి ఉండాది పాపా," అన్నాడు.

గట్టు చుట్టూ నడిపించుకుపోయి, పుట్టి వెనక్కు చూపించాడు. ఒంటికాలి పిట్ట, దాని రెక్క కింద బూడిదరంగు పిల్ల ఒకటి, ఇంకా పగలని గుడ్లు రెండు. శివజ్యోతి దుర్భిణి మళ్ళీ నిలబెట్టి చూసి, కన్ను తీసి ఆయన వైపు తిరిగింది.

"ముందే తెలుసు కదా నీకు. గడ్డి కోసం దాచినావా తాతా?"

ఆ మాట ఈరన్నకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. సగం నిజం కాకపోతే అంత తగిలేది కాదు.

"బీరప్ప తోడు, దాచింది దిష్టికి. మా మందను కూడా నేను నిండుగా చెప్పను, ఒకటి తగ్గించే చెప్తా. ఇందాక నువ్వు నలభై అన్నాక, గడ్డి మతికొచ్చింది. అదీ నిజమే. రాసుకో, నలభై."

జీవితంలో మొదటిసారి నిండు లెక్క నోటి నుంచి వచ్చింది. వెంటనే కుంటిదాని వైపు తిరిగి తూ తూ అని మూడుసార్లు ఊసి, పిడికెడు మన్ను తిప్పి నీళ్ళలో వేశాడు. శివజ్యోతి నవ్వలేదు. తనూ ఒక పిడికెడు తీసి తిప్పి వేసింది.

గొడుగు దగ్గరికి వచ్చాక నలభై వేసి కాగితం ముగించింది. తరువాత ఇంకో కాగితం తీసింది.

"ఇది నీకు. వచ్చే ఏటి నుంచి దిబ్బకు బదులు అడివి పక్క చెరువులో మేపుకోనియ్యమని అడుగుతాండా. ఇస్తారో లేదో తెలీదు, ఇచ్చేదాకా తిరుగుతా. ఎన్ని ఉంటే అన్నింటికే చీటీ ఇస్తారు. మంద ఎంత తాతా?"

ఈరన్న ఒకసారి మంద వైపు చూశాడు. నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. అరవై ఏళ్ళ నాలుక మాట వినలేదు.

"నూటా పన్నెండు."

ఆమె తలెత్తలేదు. ఈరన్నకు అక్షరాలు రావు గానీ బస్సుల మీద చూసి చూసి అంకెలు వచ్చు. కాగితం మీదికి వంగి చూశాడు. నూటా పదమూడు అని వేసింది.

ఈరన్న వేలిముద్ర వేశాడు. లెక్క నిండింది, తను చెప్పలేదు.